పదిహేడో నంబరు ఆవులో ఎన్ని థైలేరియాలు? ఒక ప్రాజెక్టు డైరీ

1వ రోజు

పిడుదుల ద్వారా పశువుల రక్తంలోకి చేరే పరాన్నజీవులు ఒకే మందలో ఎన్ని జన్యురకాలుగా ఉన్నాయి, ఆ రకాలు ఒక్కో పశువులో ఒంటరిగా ఉన్నాయా, గుంపుగా ఉన్నాయా అన్నది ఈ ప్రాజెక్టు ప్రశ్న. థైలేరియా, బబీసియా, అనాప్లాస్మా అనే మూడు పేర్ల చుట్టూ పని నడుస్తుంది. మొదటి రెండూ ఏకకణ ప్రోటోజోవాలు. మూడోది అసలు ప్రోటోజోవా కాదు, రికెట్సియేలిస్ క్రమానికి చెందిన బాక్టీరియా. ఎర్ర రక్తకణంలో కాపురం పెట్టడం, పిడుదు మీద ఆధారపడటం అనే రెండు లక్షణాల వల్లే ఈ మూడింటినీ ఒకే వరుసలో కూర్చోబెడతారు.

ఫ్రీజర్ తెరిచి ట్యూబులు లెక్కపెట్టాను. 64 ఉండాలి, 64 ఉన్నాయి. రెండింటికి మాత్రం ఊదా మూతకు బదులు ఆకుపచ్చ మూత ఉంది, అంటే రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ బదులు హెపారిన్‌లో సేకరించారు. హెపారిన్ డీఎన్‌ఏతో పాటే చివరిదాకా వచ్చి, డీఎన్‌ఏ ముక్కను కోట్ల ప్రతులుగా పెంచే పీసీఆర్‌ను అడ్డుకుంటుంది కాబట్టి ఆ రెండింటినీ పక్కన పెట్టాను. మిగిలిన 62 నమూనాలలో ప్రతిదానికీ చెవి కొస నుంచి తీసిన రక్తపు పూత ఒకటి గాజు పలక మీద ఉంది. మెడ సిరలోంచి కాకుండా చెవి కొస నుంచి తీయడానికి కారణం ఉంది. బబీసియా బోవిస్ సోకిన ఎర్ర కణాలు సన్నని కేశనాళికల గోడలకు అతుక్కుని ఆగిపోతాయి, అందువల్ల పెద్ద సిరలోని రక్తంలో అవి కనిపించకుండా తప్పించుకోగలవు.

2వ రోజు

రోజంతా మైక్రోస్కోపు దగ్గరే గడిచింది. జీమ్సా రంగు వేసిన పూతలను నూనె చుక్క పెట్టి వంద రెట్ల కటకం కింద చూశాను. పదిహేడో నంబరు పలక మీద చాలాసేపు ఆగిపోయాను. గులాబీ బూడిద కలిసిన రంగులో ఎర్ర కణాలు, వాటిలో అక్కడక్కడా ఊదా రంగు చుక్కకు తోక తగిలించినట్టున్న చిన్న ఉంగరాలు, కొన్ని అండాకారాలు, ఒకటి రెండు గుండుసూది ముక్కల్లాంటివి కనిపించాయి. ఇవి థైలేరియా పైరోప్లాజంలు, అంటే ఎర్ర కణంలో కనిపించే దాని రూపాలు. ఒక కణంలో రెండు ఉంగరాలు పక్కపక్కనే ఉన్నాయి. ఆ రెండూ ఒకే తల్లి బిడ్డలా, వేర్వేరు పిడుదులు మోసుకొచ్చిన వేర్వేరు వంశాలా అన్నది మైక్రోస్కోపు ఎన్నటికీ చెప్పలేదు.

1888లో విక్టర్ బాబెష్ రొమేనియా పశువుల ఎర్ర కణాలలో ఈ తరహా జీవులను వర్ణించినప్పుడు, 1893లో థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ అమెరికాలో టెక్సస్ జ్వరాన్ని పిడుదులే అంటిస్తాయని రుజువు చేసినప్పుడు, 1910లో ఆర్నాల్డ్ థైలర్ దక్షిణాఫ్రికాలో అనాప్లాస్మా మార్జినేల్‌కు పేరు పెట్టినప్పుడు వాళ్ల చేతిలో ఉన్నదీ కటకాలే. జాతులను వేరు చేయడంలో ఆ కటకాలు ఎంతో దూరం తీసుకెళ్లాయి. ఒకే జాతి లోపలి తేడాల దగ్గర మాత్రం వాటి దారి ఆగిపోతుంది.

అనాప్లాస్మా విషయంలో మూడుసార్లు పొరబడ్డాను. కణం అంచున ముదురు చుక్క కనిపించగానే అదే అనుకున్నాను. ఒకటి హోవెల్ జాలీ బాడీ (ఎర్ర కణంలో మిగిలిపోయిన కేంద్రకపు ముక్క), రెండు రంగు మురికి. ఫోకస్ మరను కొంచెం అటూ ఇటూ తిప్పితే రంగు మురికి కణానికి పైన తేలుతూ మెరుస్తుంది, లోపల ఉన్న చుక్క కణంతో పాటే స్పష్టమై కణంతో పాటే మసకబారుతుంది. అనాప్లాస్మాను పక్కన పెడితే, 62 పలకల్లో 14 నమ్మకంగా పాజిటివ్ అని రాసుకున్నాను.

5వ రోజు

డీఎన్‌ఏ వెలికితీత మొదలుపెట్టే ముందు ఒక లెక్క వేసుకున్నాను, ఆ లెక్క ఈ ప్రాజెక్టు మొత్తాన్ని కొంత భయంతో చూసేలా చేసింది. ఆవు ఎర్ర కణాలకు కేంద్రకం లేదు, కానీ తెల్ల కణాలకు ఉంది. ఒక మైక్రోలీటరు రక్తంలో తెల్ల కణాలు 8,000 అనుకుంటే, ఒక్కోదానిలో 540 కోట్ల డీఎన్‌ఏ అక్షరాలు ఉంటాయి. థైలేరియా ఆన్యులేటా జీనోమ్ 2005లో వెలువడింది. దాని మొత్తం నిడివి సుమారు 83 లక్షల అక్షరాలు, నాలుగే క్రోమోజోములు. మైక్రోలీటరుకు 60 లక్షల ఎర్ర కణాలలో వెయ్యికి ఒకటి సోకి ఉంటే 6,000 పరాన్నజీవులు ఉన్నట్టు. అప్పుడు కూడా ట్యూబులోని డీఎన్‌ఏలో దాదాపు 860 అక్షరాలకు ఒకటే పరాన్నజీవిది, మిగిలినదంతా ఆవుదే.

జబ్బు నయమై, బయటికి ఆరోగ్యంగా కనిపిస్తూ, లోపల కొద్దిపాటి పరాన్నజీవులను మోసే పశువుల్లో పరిస్థితి ఇంకా పలచన. లక్ష ఎర్ర కణాలలో ఒకటి సోకి ఉంటే, పీసీఆర్‌లో వేసే 100 నానోగ్రాముల డీఎన్‌ఏలో థైలేరియా జీనోమ్‌లు సుమారు 130 మాత్రమే వస్తాయి. పది లక్షలకు ఒకటైతే 13. ఆ పదమూడింటిలో పదో వంతు వాటా ఉన్న ఒక రకం ట్యూబులోకి వచ్చిందా లేదా అన్నది పిపెట్ టిప్పు అదృష్టం. వైవిధ్యం లేదని రాయడానికి ముందు, ఆ వైవిధ్యం కనిపించేంత పదార్థాన్ని ట్యూబులో వేశామా అని అడగాలి. ఈ వాక్యాన్ని నోటుపుస్తకం మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాశాను. ప్రతి నమూనాకు 200 మైక్రోలీటర్ల రక్తం వాడి, చివరలో 50 మైక్రోలీటర్లలోకే డీఎన్‌ఏను దింపాలని నిర్ణయించాను.

6వ రోజు

డీఎన్‌ఏ శుభ్రతను చెప్పే 260, 280 నానోమీటర్ల కాంతి శోషణ నిష్పత్తి చాలావాటికి 1.8 చుట్టుపక్కల వచ్చింది. ఐదు నమూనాలు మాత్రం లేత టీ రంగులో దిగాయి, అంటే హీమోగ్లోబిన్ పూర్తిగా పోలేదు. వాటిని మళ్లీ కడిగాను.

9వ రోజు

మొదటి పీసీఆర్ 18ఎస్ రైబోసోమ్ జన్యువు మీద చేశాను. ఈ జన్యువులో వీ4 అనే భాగానికి రెండు వైపులా ఉన్న అక్షరాలు థైలేరియా, బబీసియా జాతులన్నిటిలో ఇంచుమించు ఒకటే, మధ్యలోని భాగం మాత్రం జాతిని బట్టి మారుతుంది. అందుకే ఒకే ప్రైమర్ జతతో (కాపీ ఎక్కడ మొదలవాలో చూపే రెండు చిన్న డీఎన్‌ఏ తునకలతో) అన్నిటినీ పట్టి, మధ్య భాగం చదివి ఏ జాతో తేల్చవచ్చు. అనాప్లాస్మా బాక్టీరియా కాబట్టి దీనికి దొరకదు, దానికి వేరే ప్రైమర్లు, వేరే రోజు.

డీఎన్‌ఏ ముక్కలను పొడవు ప్రకారం విడదీసే జెల్ మీద 500 అక్షరాల దగ్గర 31 నమూనాలలో బ్యాండు వచ్చింది. మైక్రోస్కోపు 14 అంటే పీసీఆర్ 31 అంది. ఈ తేడా ఊహించినదే. అయితే సీక్వెన్సు (అక్షరాల వరుస) ఫలితాలు వచ్చాక కొంత నిరాశ కలిగింది. 27 నమూనాలు థైలేరియా ఆన్యులేటా, రెండు థైలేరియా ఓరియంటాలిస్, రెండు బబీసియా బైజెమినా. ఆన్యులేటా సీక్వెన్సులు 27లో 26 అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉన్నాయి. వైవిధ్యం వెతకడానికి వచ్చినవాడికి ఇది ఖాళీ చెయ్యి చూపడమే.

కానీ తప్పు మందది కాదు, అడిగిన జన్యువుది. రైబోసోమ్ కణం బతకడానికి కావలసిన ప్రాథమిక యంత్రం, అందులో మార్పును జీవి సహించదు. 18ఎస్ ఇంటిపేరు చెబుతుంది, మనిషి పేరు చెప్పదు. ఆవు రోగనిరోధక వ్యవస్థ కంటికి నేరుగా ఎదురుపడే ఉపరితల ప్రోటీన్ల జన్యువులను అడిగితేనే లోపలి తేడాలు బయటపడతాయి. ఆన్యులేటాకు అలాంటిది టామ్స్1. ఎర్ర కణాల్లోకి చొరబడే దశ అయిన మీరోజాయిట్ ఉపరితలం మీద ఉండే ప్రోటీనును తయారుచేసే ఈ జన్యువు ఒకే ప్రతిగా ఉంటుంది, ఒక జీవి నుంచి మరో జీవికి విపరీతంగా మారుతుంది.

ఓరియంటాలిస్ దొరికిన రెండు నమూనాలను ఎంపీఎస్‌పీ అనే జన్యువుతో విడిగా చూడాలి. ఆ జాతిలో ఈ జన్యువును బట్టి 11 జన్యురకాలను గుర్తించారు. వాటిలో ఇకెడా రకం పశువులను తీవ్ర రక్తహీనతలోకి నెట్టగలదు, బఫెలీ రకం చాలావరకు నెమ్మదైనది. జాతి పేరు ఒకటే, పశువుకు జరిగేది వేరు. జన్యువైవిధ్యం ఎందుకు చదవాలని అడిగేవారికి నేను ముందుగా చూపే ఉదాహరణ ఇదే.

13వ రోజు

ఇవాళ జెల్ చివరి గడిలో, నీళ్లు మాత్రమే వేసిన నెగెటివ్ కంట్రోల్‌లో, బ్యాండు కనిపించింది. సన్నగా ఉంది, కానీ ఉంది. సరిగ్గా టామ్స్1 రావలసిన చోట, 700 అక్షరాలు దాటాక.

కంట్రోల్‌లో బ్యాండు ఉన్న జెల్ మీద మిగతా బ్యాండ్లకు విలువ లేదు. ఎంత సన్నగా ఉందో చెప్పి దాటేయడం నిజాయితీ కాదు. కారణం వెతికితే అది నేనే. ముందు రోజు పీసీఆర్ అయిపోయిన ట్యూబుల మూతలు తీసి జెల్ రంగు కలిపింది, ఈరోజు కొత్త మిశ్రమం కలిపింది ఒకే బల్ల మీద, ఒకే పిపెట్‌తో. పీసీఆర్ ముగిసిన ట్యూబులో లక్ష్య డీఎన్‌ఏ ప్రతులు లక్షల కోట్లలో ఉంటాయి. మూత తెరిచినప్పుడు ఎగిరే కంటికి కనిపించని తుంపర ఒకటి చాలు. ఒక ఆవులోని రకం మరో ఆవు ట్యూబులోకి చేరితే, నేను కొలిచేది మందలోని వైవిధ్యాన్ని కాదు, నా బల్ల మీది మురికిని.

ప్రైమర్లు, నీళ్లు, బఫర్ అన్నిటి చిన్న ట్యూబులూ పారేశాను. మిశ్రమం కలిపే గది, డీఎన్‌ఏ వేసే పెట్టె, పీసీఆర్ తర్వాత తెరిచే గది, ఈ మూడూ ఇకపై వేర్వేరు. మొదటి గదిలోకి ఒకసారి వెళ్లి బయటికి వచ్చిన పిపెట్ ఆ రోజు తిరిగి వెళ్లదు. మిశ్రమంలో డీఎన్‌ఏలోని టీ అక్షరానికి బదులు యూ అక్షరపు ముడిసరుకు వాడి, పాత ఉత్పత్తిని ముక్కలు చేసే యూఎన్‌జీ ఎంజైమ్‌ను ముందుగా పనిచేయించే పద్ధతికి మారాను. క్లోనింగ్‌కు వెళ్లే నమూనాలకు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. డీఎన్‌ఏను కాపీ చేసే ఎంజైములలో తప్పులు తక్కువ చేసే రకం పాలిమరేజ్‌లు చాలావరకు యూ అక్షరం దగ్గర ఆగిపోతాయి.

20వ రోజు

శుభ్రమైన కంట్రోళ్లతో టామ్స్1 మళ్లీ చేసి, 22 నమూనాలను నేరుగా సీక్వెన్సింగ్‌కు పంపాను. ఫైళ్లు వచ్చాయి. పదిహేడో నంబరు క్రోమటోగ్రామ్ (ఒక్కో అక్షరాన్ని ఒక్కో రంగు శిఖరంగా చూపే గ్రాఫు) గురించి వివరంగా రాసుకోవాలి.

మొదటి 180 అక్షరాల వరకు శిఖరాలు చక్కగా, ఎడంగా, ఒకే ఎత్తులో ఉన్నాయి. ఆ తర్వాత ఒక చోట ఆకుపచ్చ శిఖరం కింద ఎర్ర శిఖరం నీడలా కనిపించింది. పది అక్షరాల తర్వాత మరొకటి, ఈసారి రెండూ దాదాపు సమానం. 240 దాటాక అంతా కలగాపులగమైంది, ప్రతి స్థానంలో రెండు, కొన్నిచోట్ల మూడు రంగులు. సాఫ్ట్‌వేరు వాటికి వరుసగా ఎన్ (ఏ అక్షరమో తెలియదు) అని పేరు పెట్టి చేతులెత్తేసింది. మొదట చెత్త రీడింగ్ అనుకుని పారేయబోయాను. గైడ్ గారు వెనక నిలబడి చూస్తూ, "వెనక్కి చదివిన ఫైలు కూడా చూశావా బాబూ? అది ఎక్కడి నుంచి చెడిందో చూడు, తర్వాత పారేద్దువు గాని," అన్నారు.

ఎదురు దిశ నుంచి చదివిన ఫైలు కూడా మొదట శుభ్రంగా ఉండి, సరిగ్గా అదే స్థానానికి అవతలి వైపు నుంచి వచ్చి అక్కడే కలగాపులగమైంది. రీడింగ్ చెడితే రెండు దిశలూ ఒకే చోట చెడవు. అక్కడ ఒక రకంలో మూడు గానీ ఆరు గానీ అక్షరాలు అదనంగా ఉండి, దాని వల్ల ఒక రకం వరుస మరో రకం వరుస మీద జరిగి పడుతోంది.

ఇక్కడ జీవితచక్రం అక్కరకొస్తుంది. పిడుదు లాలాజలంలోంచి వచ్చిన స్పోరోజాయిట్ తెల్ల కణంలో చేరి షైజాంట్‌గా పెరుగుతుంది, అందులోంచి విడుదలైన మీరోజాయిట్లు ఎర్ర కణాల్లోకి వెళ్తాయి. ఆవులో ఉన్నంత కాలం ఈ జీవి ఏకస్థితికం, అంటే ప్రతి జన్యువుకూ ఒకే ప్రతి. ద్వయస్థితిక దశ పిడుదు పేగులో, ఆడ మగ బీజకణాలు కలిసిన తర్వాత కొద్దికాలం మాత్రమే ఉంటుంది. కాబట్టి ఆవు రక్తంలో ఒకే ప్రతి జన్యువు స్థానంలో రెండు శిఖరాలు కనిపిస్తే, అది ఒక జీవిలోని రెండు ప్రతులు కావడానికి వీల్లేదు. రెండు వేర్వేరు వంశాలు ఒకే ఆవులో ఉన్నట్టు. 22 ఫైళ్లలో ఇలా కలిసినవి 15. మిగతా ఏడు శుభ్రంగా చదవవచ్చు, వాటిలో 31వ నంబరు అన్నిటికన్నా అందంగా వచ్చింది.

నేరుగా చదివే పద్ధతికి ఇంకో గుడ్డితనం ఉంది. ఆరో వంతు కన్నా తక్కువ వాటా ఉన్న రకం అడుగున ఉండే గీతల గజిబిజిలో మునిగిపోతుంది. అందుకే శుభ్రంగా కనిపించిన ఏడింటిలో కూడా ఒకే రకం ఉందని అనను, ఒక రకం పైచేయిగా ఉందని మాత్రమే అంటాను.

26వ రోజు

పదిహేడును క్లోన్ చేశాను. పీసీఆర్‌లో వచ్చిన ముక్కలను చిన్న డీఎన్‌ఏ వలయాలైన ప్లాస్మిడ్‌లలో అతికించి, బాక్టీరియాలోకి ఎక్కించి, ప్లేటు మీద పరిచి, తెల్లటి కాలనీలు 12 ఏరి ఒక్కొక్కటినీ చదివించాను. ఒక్కో కాలనీలో ఒకే ముక్క ఉంటుంది కాబట్టి కలగాపులగం ఉండదు. ఫలితంగా 12 క్లోన్లలో 8 వేర్వేరు సీక్వెన్సులు వచ్చాయి. ఒకే ఆవులో ఎనిమిది వంశాలా అని ఆ సాయంత్రమంతా సంబరంగానే గడిచింది.

27వ రోజు

ఉదయాన్నే కాగితం తీసుకుంటే ఆ సంబరం నిలవలేదు. సాధారణ టాక్ పాలిమరేజ్ ఒక్కో ప్రతి తీసేటప్పుడు పది వేల నుంచి లక్ష అక్షరాల మధ్య ఒక తప్పు చేస్తుంది. 700 అక్షరాల ముక్క పాతికసార్లు రెట్టింపైతే, చివరి ప్రతి వెనక 17,500 అక్షరాల కాపీ చరిత్ర ఉంటుంది. ఎంజైమ్ మంచిదైతే ఆరు క్లోన్లలో ఒకదానికి తప్పు ఉంటుంది, చెడ్డదైతే సగటున ప్రతి క్లోన్‌కూ ఒకటి రెండు తప్పులుంటాయి. నా ఎనిమిదింటిలో నాలుగు, పక్క సీక్వెన్సు నుంచి ఒకే ఒక్క అక్షరం తేడాతో, ఒక్కో క్లోన్‌లో మాత్రమే కనిపించాయి. అవి ఆవులో పుట్టినవి కావు, నా ట్యూబులో పుట్టినవని అనుమానించక తప్పదు.

మిగిలిన నాలుగింటికి ఎ, బి, సి, డి అని పేర్లు పెట్టాను. ఎ, బి చాలా క్లోన్లలో వచ్చాయి, ఒకదానికొకటి 40 చోట్ల తేడా. సి మొదటి సగం అచ్చం ఎ, రెండో సగం అచ్చం బి. డి దానికి తిరగబడి, మొదట బి, తర్వాత ఎ. ఇలాంటివి కూడా ట్యూబులో పుడతాయి. ఒక రౌండులో సగం దాకా పెరిగి ఆగిపోయిన ముక్క, తర్వాతి రౌండులో మరో రకం మీద అతుక్కుని మిగతా భాగాన్ని దాని నుంచి కాపీ చేసుకుంటుంది. వీటిని కైమీరాలు అంటారు.

చిక్కు ఎక్కడంటే, సరిగ్గా ఇదే పని పిడుదు కూడా చేస్తుంది. రెండు వంశాలున్న ఆవు రక్తం తాగిన పిడుదు పేగులో ఎ బీజకణం, బి బీజకణం కలిస్తే, క్షయకరణ విభజనలో జన్యువులు పునఃసంయోజనం చెంది, సగం ఎ, సగం బి ఉన్న బిడ్డ పుట్టవచ్చు. ఒక్క జన్యువు మధ్యలోనే తెగి అతుక్కోవడం అరుదే కానీ అసాధ్యం కాదు. ట్యూబు చేసిన అతుకుకూ, పిడుదు చేసిన అతుకుకూ సీక్వెన్సులో తేడా కనిపించదు. ప్రపంచంలో ఎక్కడ ఈ పని చేసినా ఈ మలుపు తప్పదు, దీని మీద ఎంత సమయం పెట్టినా వృథా అనిపించదు.

33వ రోజు

పదిహేడు రక్తం నుంచి డీఎన్‌ఏ మళ్లీ మొదటి నుంచి తీశాను. తప్పులు సరిదిద్దుకునే పాలిమరేజ్‌తో, రెండు వేర్వేరు రోజుల్లో, రెండు స్వతంత్ర పీసీఆర్‌లు చేశాను. రౌండ్లు 35 నుంచి 25కు తగ్గించి, ముక్కలు సగంలో ఆగకుండా ప్రతి రౌండులో పొడిగింపు సమయం రెట్టింపు చేశాను. రెండింటి నుంచీ చెరో 12 క్లోన్లు చదివించాను. ఒక సీక్వెన్సును లెక్కలోకి తీసుకోవాలంటే అది రెండు పీసీఆర్‌లలోనూ కనిపించాలని ముందే నియమం రాసుకున్నాను. ఫలితం చూశాక నియమం రాసేవాడిని నేనే నమ్మను.

ఒక్కో అక్షరం తేడా ఉన్న ఆ నాలుగూ ఎక్కడా కనిపించలేదు. డి కూడా పోయింది. ఎ, బి రెండింటిలోనూ వచ్చాయి. సి మొదటి పీసీఆర్‌లో ఒక క్లోన్‌లో, రెండోదానిలో రెండు క్లోన్లలో వచ్చింది, అతుకు స్థానం మూడింటిలోనూ ఒకటే. నియమం ప్రకారం ఉంచాలి. మనసు మాత్రం ఒప్పుకోలేదు, ఎందుకంటే రెండు రకాలూ అక్షరాలా ఒకేలా ఉన్న చోట కైమీరాలు పదేపదే అక్కడే అతుక్కోవచ్చు.

అప్పుడు యథాలాపంగా సి సీక్వెన్సును మిగతా ఆవుల ఫైళ్లతో పోల్చాను. 31వ నంబరు ఆవులోని ఆ అందమైన, ఒంటరి సీక్వెన్సు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా సి. ఆ ఆవు ఫైలులో ఎ గానీ బి గానీ నీడగా కూడా లేవు. కైమీరా పుట్టాలంటే ట్యూబులో ఇద్దరు తల్లిదండ్రులూ కావలసినంత ఉండాలి. 31 ట్యూబులో వాళ్లు కనిపించరు, సి ఒక్కటే పైచేయిగా ఉంది. పైగా 31ని చదివించిన తేదీ, పదిహేడును క్లోన్ చేసిన తేదీకి ఆరు రోజుల ముందు, కాబట్టి క్లోన్ల నుంచి అంటుకుందనే మాటా లేదు. సి నిజమైన వంశమే. ఎప్పుడో ఒక పిడుదులో ఎ, బి వంశాల పూర్వీకులు కలిసిన గుర్తు అది కావచ్చు.

36వ రోజు

ఒక్క జన్యువు మాట మీద పూర్తిగా ఆధారపడకూడదు కాబట్టి నాలుగు మైక్రోశాటిలైట్లు చూశాను. ఇవి టీఏటీఏటీఏ వంటి చిన్న తునకలు పదేపదే వచ్చే చోట్లు, ఎన్నిసార్లు వచ్చాయన్నదాన్ని బట్టి ముక్క పొడవు మారుతుంది. ప్రధాన శిఖరంలో మూడో వంతు కన్నా పొట్టి శిఖరాలను లెక్కించకూడదని ముందే అనుకున్నాం. పాలిమరేజ్ ఒక తునక వదిలేసి చదివినప్పుడు వచ్చే తోక శిఖరాలు లేకపోతే ఈ పద్ధతి స్వర్గంలా ఉండేది. పదిహేడులో రెండు స్థానాల్లో రెండేసి, ఒక స్థానంలో మూడు, నాలుగోదానిలో ఒకటి వచ్చాయి. జీవి ఏకస్థితికం కాబట్టి, ఒక స్థానంలో మూడు పొడవులుంటే కనీసం మూడు వంశాలున్నట్టు. టామ్స్1 కూడా మూడే అంది. రెండు సాక్ష్యాలు స్వతంత్రంగా ఒకే మాట చెప్పాయి.

38వ రోజు

థైలేరియాకు వాడే బ్యూపార్వాక్వోన్ మందు పనిచేసేది పరాన్నజీవి మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ బి మీద. ఆ ప్రోటీనులో 253వ స్థానంలోని ప్రోలీన్ అనే అమైనో ఆమ్లం సెరీన్‌గా మారడాన్ని మందుకు లొంగని ఆన్యులేటాలలో చూశారు. నా నమూనాలలో చదవగలిగిన అన్నిటా ప్రోలీనే ఉంది. ఒక ఆవులో మూడు వంశాలుంటే మందు రెండింటిని చంపి మూడోదాన్ని మిగల్చవచ్చు కాబట్టి, ఈ పరీక్షను కూడా నేరుగా చదివి ఊరుకోకుండా పైచేయి రకంతో పాటు మైనారిటీ రకాల కోసం చేయాలి. ఇది రాసి ఉంచుకుంటున్నాను.

41వ రోజు

అనాప్లాస్మా మార్జినేల్‌కు ఎంఎస్‌పీ1ఏ జన్యువు చూశాను. దీని మొదటి భాగంలో 28 నుంచి 29 అమైనో ఆమ్లాల తునక వరుసగా పదేపదే వస్తుంది, ఒక్కో వంశంలో తునకల సంఖ్య, వాటి వరుస వేరు. ఒక తునక పెరిగితే ముక్క పొడవు సుమారు 85 అక్షరాలు పెరుగుతుంది కాబట్టి జెల్ మీదే కంటికి తేడా తెలుస్తుంది. తొమ్మిది పాజిటివ్‌లలో ఎనిమిదింటికి ఒక్కో బ్యాండు, ఒకదానికి రెండు బ్యాండ్లు ఎడంగా వచ్చాయి.

పక్కపక్క ఆవుల్లో ఒకే రకం కనిపిస్తే ఒకే పిడుదుల గుంపు అంటించిందని రాయాలని చేయి ఉబలాటపడుతుంది. అనాప్లాస్మా విషయంలో ఆ మాట రాయకూడదు. కుట్టే ఈగల నోటికంటిన రక్తం, ఒకదాని తర్వాత ఒకదానికి వాడిన సూది కూడా దాన్ని మోస్తాయి. మందలో సూదులు ఎలా వాడారన్న సమాచారం నా ఫారంలో ఒక గడిగా కూడా లేదు. వచ్చేసారి నమూనాలు తీసేటప్పుడు ఆ గడి ఉంటుంది.

45వ రోజు

టామ్స్1 సీక్వెన్సులన్నిటినీ పక్కపక్కన పేర్చి హాప్లోటైప్ జాలం గీశాను. ఒక్కో వలయం ఒక రకం, వలయం పెద్దదైతే ఎక్కువ ఆవుల్లో ఉన్నట్టు, గీత మీది అడ్డు చారలు అక్షరాల తేడాలు. ఎ ఒక మూల, బి ఒక మూల, సి రెండింటి మధ్య పొడవాటి గీతలతో వేలాడుతోంది. అది చూసి, ఈ జాలం గీసే పద్ధతి పునఃసంయోజనం లేదనే ఊహ మీద నిలబడిందని గుర్తొచ్చింది. సి ఉన్నచోట ఆ ఊహ చెల్లదు. జాలం బొమ్మ అందంగా ఉన్నా, వంశచరిత్రగా దాన్ని చూపను. రకాల పంపిణీ చూపే బొమ్మగా మాత్రమే ఉంచుతాను. పైగా టామ్స్1 మీద ఆవు రోగనిరోధక శక్తి ఒత్తిడి ఉంటుంది కాబట్టి, దానితో కట్టిన లెక్కలతో మంద చరిత్ర చెప్పడం ఎలాగూ సరికాదు. ఆ పని మైక్రోశాటిలైట్లకు వదిలేశాను, నాలుగు స్థానాలు దానికి చాలవు, కనీసం పది కావాలి.

పట్టికలో పదిహేడో వరుస దగ్గర మూడు అని రాశాను. డీని, ఒక్కో అక్షరం తేడా ఉన్న ఆ నాలుగింటినీ చెరిపేయలేదు. "సందేహం" అని పేరు పెట్టిన వేరే ఫైలులో తేదీలతో సహా ఉంచాను.

పదిహేడో నంబరు ట్యూబులో ఇంకా 180 మైక్రోలీటర్ల రక్తం మిగిలి ఉంది. పదే పదే కరిగించి గడ్డకట్టిస్తే డీఎన్‌ఏ ముక్కలవుతుంది కాబట్టి దాన్ని మూడు భాగాలు చేశాను. రెండింటిని మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టి, మూతల మీద ఎవరూ తీయవద్దని రాశాను. మూడోది మంచు మీద కరుగుతోంది. రేపు దాన్ని ఎక్కువ లోతుగా చదివే సీక్వెన్సింగ్‌కు సిద్ధం చేయాలి, పక్కన నీళ్ల కంట్రోల్ ఒకటి కాదు, మూడు.